నడిచి బడికెళ్లే పిల్లలు ఏమయ్యారు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నేను ముప్పై నాలుగేళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. 1980ల చివర నేను ఉద్యోగంలో చేరిన ఉన్నత పాఠశాలలో ఉదయం తొమ్మిదిన్నరకల్లా వేపచెట్టు కింద సైకిళ్లు ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉండేవి. చుట్టుపక్కల మూడు నాలుగు ఊళ్ల పిల్లలు గుంపులుగా చేలగట్ల మీదుగా నడిచి వచ్చేవారు. ఈ మధ్య మనవణ్ని దింపడానికి పట్నంలోని ఒక ప్రైవేటు బడికి వెళ్తే, గేటు ముందు బస్సులు, ఆటోలు, మోటారు సైకిళ్లే గాని నడిచి వచ్చిన పిల్లవాడు ఒక్కడూ కనిపించలేదు. "ఈ కాలం పిల్లలకు ఒళ్లు వంగదు, తల్లిదండ్రులకు గారాబం ఎక్కువ" అని మా తోటివారు అంటున్నారు. అసలు కారణం అదేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: అయ్యా, గారాబం మాట కాసేపు పక్కన పెట్టి ముందుగా దూరం సంగతి చూద్దాం. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం ఐదో తరగతి వరకు చదివే పిల్లలకు ఒక కిలోమీటరులోపు, ఆరు నుంచి ఎనిమిది వరకు చదివేవారికి మూడు కిలోమీటర్లలోపు బడి ఉండాలి. అంటే పిల్లవాడు కాలినడకన చేరగలిగినంత దగ్గరలో బడి ఉండాలన్నది చట్టం ఉద్దేశం. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల చాలా పల్లెలకు ఆ చట్టానికి ముందే చేరింది. బడి ఇంటి దగ్గరికి వచ్చిన ఆ రోజుల్లోనే మనం పిల్లల్ని ఆ బడి నుంచి తీసి దూరంగా పంపడం మొదలుపెట్టాం.

1990ల తర్వాత మన వీధుల్లోకి పసుపుపచ్చ బస్సు వచ్చింది. ఇంగ్లీషు మీడియం, పదో తరగతి ఫలితాలు, ఫీజు, పక్కింటివారి అబ్బాయి ఎక్కడ చదువుతున్నాడన్నది, ఇవన్నీ చూసి బడిని ఎంచుకుంటున్నాం గాని, పిల్లవాడు అక్కడికి తనంతట తాను వెళ్లగలడా అని చూసేవారు అరుదు. ఆరేళ్ల పాప ఇంటి సందు చివర ఉన్న ఒక బడిని, పెద్ద రోడ్డు మీది మరో బడిని బస్సు కిటికీలోంచి చూస్తూ ఆరు కిలోమీటర్ల అవతలి మూడో బడికి వెళ్తోంది. ఆ పాపను నడవలేదని నిందించడంలో అర్థం లేదు. తల్లిదండ్రుల్ని కూడా నేను తప్పుపట్టను. తమకు అందని చదువు బిడ్డకు అందాలని కడుపు కట్టుకొని ఫీజు కడుతున్నవారే వారిలో ఎక్కువ. అయితే బడిని ఎంచుకున్న రోజునే నడకను కూడా వదులుకున్నామన్న సంగతి మాత్రం ఒప్పుకోవాలి.

ఇక రెండో కారణం రోడ్డు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది పాదచారులు. మొత్తం మృతుల్లో 9,528 మంది పద్దెనిమిదేళ్లు నిండనివారు, అంటే రోజుకు ఇరవై ఆరుగురు పిల్లలు. ఈ అంకెలు తెలియని తల్లికి కూడా రోడ్డు మీద నిలబడితే విషయం అర్థమవుతుంది. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ పురపాలక సంఘాల పరిధిలో కారుకు గరిష్ఠ వేగాన్ని గంటకు 70 కిలోమీటర్లుగా పెట్టింది. రాష్ట్రాలు దాన్ని తగ్గించుకోవచ్చు, కొన్ని నగరాల్లో తగ్గించారు కూడా. అయినా డెబ్బై కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉన్న రోడ్డును ఎనిమిదేళ్ల పిల్లవాడు పుస్తకాల సంచితో దాటాలన్న ఊహే నాకు గుండెల్లో గుబులు పుట్టిస్తుంది.

మూడో కారణం ఈ రెండింటి నుంచే పుట్టింది. దీని గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాం. రోడ్డుకు భయపడి ఒక తండ్రి కొడుకును మోటారు సైకిల్ మీద దింపడం మొదలుపెట్టాడనుకోండి. ఆ రోజు నుంచి బడి గేటు ముందు ఒక బండి పెరిగింది, రోడ్డు మీద నడిచే పిల్లవాడు ఒకడు తగ్గాడు. మర్నాడు పక్కింటి తల్లి ఆ గేటు ముందు రద్దీ చూసి తన కూతురికి నెలకింత అని ఆటో మాట్లాడుకుంటుంది. ఇలా ఎవరి మటుకు వారు సరైన నిర్ణయమే తీసుకుంటారు, అందరి నిర్ణయాలూ కలిసి ఆ రోడ్డును నడవడానికి పనికిరాకుండా చేస్తాయి. తొమ్మిది గంటల వేళ బడి ముందు కనిపించే ప్రమాదంలో పెద్ద భాగం, పిల్లల్ని ప్రమాదం నుంచి కాపాడడానికి మనం తెచ్చిన బండ్లదే.

ఇది మన దేశానికే పరిమితమైన కథ కాదు. ఇంగ్లండులో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో పెద్దల తోడు లేకుండా బడికి వెళ్లేవారు 1971లో నూటికి ఎనభై మంది కాగా, 1990 నాటికి తొమ్మిది మందే మిగిలారు. అదే కాలంలో అక్కడ రోడ్డు ప్రమాదాల్లో పిల్లల మరణాలు తగ్గాయి. మరణాలు తగ్గాయి గనుక రోడ్లు భద్రమయ్యాయని ప్రభుత్వం చెప్పుకుంది. రోడ్ల ప్రమాదం తగ్గలేదు, పిల్లలే రోడ్ల మీద నుంచి తప్పుకున్నారని పరిశోధకులు తేల్చారు. అమెరికాలోనూ ఐదు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో నడిచి గాని సైకిలు మీద గాని బడికి వెళ్లేవారు 1969లో దాదాపు సగం మంది ఉండేవారు, 2009 నాటికి నూటికి పదమూడు మందికి తగ్గారు. సముద్రాల అవతల, వేరే ఆహారం తిని వేరే భాష మాట్లాడే పిల్లల విషయంలోనూ ఇదే జరిగినప్పుడు, మన పిల్లల ఒళ్లు వంగకపోవడమే కారణమని ఎలా అనగలం?

చిన్న కారణాలు ఇంకా ఉన్నాయి. ఉదయం ఏడున్నరకే స్టడీ అవర్ అంటారు, సాయంత్రం చీకటి పడ్డాక వదులుతారు. ఒకప్పుడు కిరాణా కొట్టు ఆయన, సైకిలు షాపు ఆయన, అరుగు మీది మామ్మ దారి పొడవునా బడి పిల్లల మీద ఓ కన్నేసి ఉంచేవారు. అరుగులు పోయి ప్రహరీ గోడలు వచ్చాక ఆ కన్ను లేదు.

ఒక్క మాట మీతో విభేదించి చెప్పాలి. మీరు చూసింది ప్రైవేటు బడి గేటు. తొమ్మిది దాటాక అదే పట్నంలో ప్రభుత్వ పాఠశాల ముందు నిలబడి చూడండి. పిల్లలు నడిచే వస్తున్నారు, ఇద్దరు ముగ్గురు ఒకే సైకిలు మీద కూడా వస్తున్నారు. నడిచే పిల్లలు తగ్గారని మనం అంటున్నది మన ఇళ్లలోని పిల్లల గురించి. నడక తప్ప వేరే దారి లేని పిల్లలు, మన పిల్లల్ని మోస్తున్న బండ్ల మధ్య నుంచే ఈనాటికీ బడికి నడుస్తున్నారు. బడిదారిని బాగుచేయడమంటే నాకు ముందుగా గుర్తొచ్చేది వారే.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు నిండాయి. నాలుగో తరగతి చదువుతున్నాడు. బడి మా ఇంటికి ఎనిమిది వందల మీటర్లే. రోజూ నేనే స్కూటీ మీద దింపి, ఆ తర్వాత ఉద్యోగానికి వెళ్తాను. నడిచి వెళ్తానని వాడే అడుగుతున్నాడు. నాకూ పంపాలనే ఉంది గాని రోడ్డు చూస్తే ధైర్యం చాలడం లేదు. పైగా మా అత్తమ్మ, "బండి ఉండి కూడా పిల్లగాణ్ని నడిపిస్తున్నరని నలుగురూ అంటరు" అంటున్నది. ఏ వయసు నుంచి ఒంటరిగా పంపవచ్చు?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక నేను మా వీధిలో నాలుగో తరగతి చదివే ఒక పిల్లవాడితో కలిసి వాడి బడి దాకా నడిచాను. దూరం మీ బాబు నడవాల్సినంతే. పద్నాలుగు నిమిషాలు పట్టింది. కాలిబాట అంటే అక్కడ మురుగు కాలువ మీద పరిచిన సిమెంటు పలకలే. నాలుగో పలక విరిగి లోపలి ఇనుప చువ్వ పైకి తేలి ఉంది. వాడు దాన్ని చూడకుండానే అలవాటుగా దూకాడు. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె అడ్డొచ్చి రోడ్డు మీదికి దిగాం, మళ్లీ ఎక్కాం. కడుతున్న ఇంటి ముందు ఇసుక కుప్ప వచ్చింది, దిగాం. టిఫిన్ బండి, దాని చుట్టూ నిలబెట్టిన మోటారు సైకిళ్లు వచ్చాయి, దిగాం. పెళ్లి ఫ్లెక్సీ కర్రలు, చివరికి బడి ఎదురుగానే నిలిపిన బడి బస్సు. ఎనిమిది వందల మీటర్లలో ఐదుసార్లు రోడ్డు మీదికి దిగాల్సి వచ్చింది. దిగిన ప్రతిసారీ వెనక నుంచి వచ్చే బండి మాకు కనిపించదు. కాలిబాట కనీసం 1.8 మీటర్ల వెడల్పున ఏ అడ్డూ లేకుండా ఉండాలని, రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ 2012 మార్గదర్శకాల్లో రాసి ఉంది. ఆ దారిలో నాకు అలాంటి చోటు పది అడుగులు కూడా కనిపించలేదు.

కాబట్టి మీ భయం ఉత్త భయం కాదు. అలాగని బాబు కోరికను తోసిపుచ్చాల్సిన పనీ లేదు. ఒంటరిగా పంపడానికి ఫలానా వయసని గీత గీయలేం. ఎదురుగా వచ్చే బండి వేగాన్ని, దూరాన్ని కలిపి అంచనా కట్టడం తొమ్మిది పదేళ్లలోపు పిల్లలకు కష్టమన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. మీ బాబు సరిగ్గా ఆ గట్టు మీద ఉన్నాడు. దసరా సెలవుల తర్వాతో, సంక్రాంతి తర్వాతో, రద్దీ కాస్త తక్కువగా ఉండే రోజుల్లో మొదలుపెట్టి రెండు వారాలు మీరే అతనితో నడవండి. అయితే ముందు అతను నడవాలి, వెనక మీరు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ దాటాలి అన్నది అతనే పైకి చెప్పాలి. దాటే చోటు ఒకటే ఉండాలి, అది బండ్లవారికి దూరం నుంచి కనిపించే చోటై ఉండాలి. కాలిబాట లేనిచోట రోడ్డుకు కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లను చూస్తూ నడవడం అలవాటు చేయండి. మూడో వారంలో మీరు యాభై అడుగుల వెనక ఉండండి.

ఒంటరిగానే వెళ్లాలన్న నియమం కూడా ఏమీ లేదు. మీ వాడకట్టులోనే అదే బడికి వెళ్లే పిల్లలు మరో నలుగురు ఉండకపోరు. జపాన్‌లో ప్రాథమిక పాఠశాల పిల్లలు చాలా ఊళ్లలో ఇరుగుపొరుగు జట్లుగా కలిసి నడుస్తారు. పై తరగతి పిల్లలు ముందూ వెనకా ఉండి చిన్నవారిని నడిపిస్తారు, కూడళ్ల దగ్గర ఊరి పెద్దలు జెండా పట్టుకొని నిలబడతారు. మనకు ఇది కొత్త సంగతి కాదు, మీ అత్తమ్మగారు చిన్నప్పుడు బడికి వెళ్లింది కూడా గుంపులోనే అయి ఉంటుంది, అడిగి చూడండి. నలుగురు తల్లులు వంతులు వేసుకుంటే ఒక్కొక్కరికి వారానికి ఒకటి రెండు రోజులే పని పడుతుంది, నాలుగు స్కూటర్లు గేటు ముందు నుంచి తప్పుతాయి.

సంచి బరువు కూడా చూడండి. కేంద్రం 2020లో ప్రకటించిన బడి సంచుల విధానం ప్రకారం సంచి బరువు పిల్లవాడి బరువులో పదో వంతు మించకూడదు. ఇరవై ఆరు కిలోలున్న పిల్లవాడికి రెండున్నర కిలోలంటే నీళ్ల సీసా, టిఫిను డబ్బాతోనే సగం నిండిపోతుంది. మిగతా పుస్తకాలు బడిలోనే పెట్టుకునే ఏర్పాటు చేయమని ప్రధానోపాధ్యాయులను అడగడం మీ హక్కు. ఇంకో లెక్క కూడా చెబుతాను. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు అలిసే శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చురుగ్గా నడిస్తే, వెళ్లి రావడానికి పట్టే అరగంట ఆ లెక్కలో చేరుతుంది, దానికి విడిగా సమయం కేటాయించక్కర్లేదు.

నలుగురూ ఏమంటారన్న దాని గురించి. నడక పేదరికానికి గుర్తన్న భావన మనలో బలంగా పాతుకుపోయింది. అత్తమ్మగారి మాటలో ఉన్నది ఆ బాధే. తాను చెప్పుల్లేకుండా నడిచిన దారిలో మనవడు నడవకూడదని ఆమె ఆశ. ఆమెతో వాదించకండి. ఒక శనివారం సాయంత్రం బాబును తీసుకురావడానికి ఆమెనే పంపండి, ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ నడిచి రానివ్వండి.

విరిగిన పలకలు, ఆక్రమణలు, బడి ముందు స్పీడ్ బ్రేకరు, జీబ్రా గీతల గురించి నగరపాలక సంస్థకు అర్జీ పెట్టేటప్పుడు మీ ఒక్కరి పేరుతో కాకుండా ప్రధానోపాధ్యాయులు, ఇరవై మంది తల్లిదండ్రులు సంతకాలు చేసి, ప్రతి అడ్డంకికీ ఫొటో జతచేసి ఇవ్వండి. ఏ పలక, ఏ ఇంటి ముందు అని రాసి ఇచ్చిన అర్జీని పక్కన పడేయడం కష్టం.

ప్రశ్న: మా ఊరు చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి పక్కన ఉంది. 2022లో బడుల విలీనం పేరుతో మా ఊరి బడిలోని మూడు, నాలుగు, ఐదు తరగతులను రోడ్డు అవతలి హైస్కూలుకు మార్చారు. ఆ పద్ధతిని మార్చారని అంటున్నారు గాని మా అమ్మాయి ఇప్పుడు ఆరో తరగతికి వచ్చింది, ఎలాగూ అక్కడికే వెళ్లాలి. అండర్‌పాస్ ముప్పావు కిలోమీటరు అవతల ఉంది. అంత చుట్టు తిరగలేక పిల్లలు డివైడర్ మధ్య సందులోంచి దాటుతున్నారు. ఎవరికి చెప్పుకోవాలి?
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: 2022 జూన్‌లో వచ్చిన 117వ నంబరు జీవో కింద ఆంధ్రప్రదేశ్‌లో మూడు నుంచి ఐదు తరగతులను ఒక కిలోమీటరులోపు ఉన్న ఉన్నత పాఠశాలలకు తరలించారు. 2025లో ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకొని కొత్త అమరిక తెచ్చింది. రెండింటి మంచిచెడ్డల మీద చర్చ చాలా జరిగింది గాని మీ ఉత్తరంలో ఉన్న అసలు సంగతి వేరు. దూరాన్ని పటం మీద కొలిస్తే కిలోమీటరులోపే ఉంటుంది. పిల్లకాళ్లతో కొలిస్తే అండర్‌పాస్ దాకా వెళ్లి తిరిగి వచ్చే చుట్టు కూడా కలుస్తుంది, లేదా మధ్యలో ఆరు వరుసల రోడ్డు వస్తుంది.

విద్యాహక్కు నమూనా నియమాల్లో దీనికి సరిపోయే మాట ఒకటుంది. ఇంటి నుంచి బడికి వచ్చే దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం ఉన్నచోట, ఆ ప్రమాదం తప్పేలా దూరపు పరిమితులను తగ్గించి బడిని ఏర్పాటు చేయాలని అందులో ఉంది. దగ్గర్లో బడి లేనిచోట ఉచిత రవాణా వంటి ఏర్పాట్లు ప్రభుత్వమే చూడాలనీ ఉంది. ఈ హక్కు ఎనిమిదో తరగతి వరకు వర్తిస్తుంది. కాబట్టి మీ అర్జీలో "దూరం ఎక్కువ" అని రాయకండి, "దారిలో ప్రమాదం ఉంది" అని రాయండి. ఇంటి నుంచి పిల్లలు నిజంగా నడిచే దారిని అడుగులతో కొలిచి, దాటే చోటు ఫొటో తీసి, రోజూ ఎంతమంది దాటుతున్నారో వారం రోజులు లెక్కపెట్టి రాయండి. ఒక ప్రతి మండల విద్యాశాఖాధికారికి, ఒకటి జిల్లా కలెక్టరుకు ఇవ్వండి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి అధ్యక్షులు కలెక్టరే. జాతీయ రహదారుల సంస్థ సహాయ నంబరు 1033కి కూడా ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

మీరు అడగాల్సినవి రెండు. ఒకటి పిల్లలు దాటుతున్న చోటే పాదచారుల వంతెన. అది వచ్చేదాకా బడి వేళల్లో రవాణా సౌకర్యం. డివైడర్ సందు మూసేస్తామని మాత్రమే అంటే ఒప్పుకోకండి. సందు మూస్తే పిల్లలు డివైడర్ ఎక్కి దాటుతారు, అది ఇంకా ప్రమాదం.

ఇలాంటివి జరిగే పనేనా అని మీకు అనుమానం రావచ్చు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైలు గేటు వద్ద బడి బస్సును రైలు ఢీకొని పసిపిల్లలు ప్రాణాలు కోల్పోయారు. ఆ వార్త చదివిన ఉదయం నేను ఇప్పటికీ మరచిపోలేదు. కాపలా లేని గేట్లు దశాబ్దాలుగా అలాగే ఉన్నాయి, వాటిని తీసేయడం అసాధ్యమన్నట్టే మాట్లాడేవారు. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ మార్గాలన్నింటిలో వాటిని తొలగించారు. మీ ఊరి పిల్లల విషయంలో ప్రాణం పోయేదాకా ఆగనక్కర్లేదు. అర్జీ ఈ వారంలోనే ఇవ్వండి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. బడి మూడు కిలోమీటర్లు. సైకిలు కొనమంటే నాన్న, "ఆడపిల్లవు, సైకిలు వద్దు, వచ్చే ఏడు స్కూటీ కొంటాను" అంటున్నారు. తమ్ముడికి మాత్రం సైకిలు కొన్నారు. నాన్నకు ఏమని చెప్పాలి?
– ఒక విద్యార్థిని, నిజామాబాద్

జవాబు: అమ్మా, ముందు చట్టం సంగతి చెప్పు. వచ్చే ఏడు నీకు పదిహేనేళ్లో పదహారేళ్లో ఉంటాయి. బజారులో దొరికే మామూలు స్కూటర్ నడపాలంటే పద్దెనిమిదేళ్లు నిండి లైసెన్సు ఉండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఏడాదిపాటు ఆ బండి రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. నడిపిన మైనరుకు ఇరవై ఐదేళ్లు నిండేదాకా లైసెన్సు ఇవ్వరు.

తర్వాత బీహార్ సంగతి చెప్పు. అక్కడి ప్రభుత్వం 2006 నుంచి తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బు ఇచ్చింది. ఆ తర్వాత హైస్కూలులో చేరే ఆడపిల్లలు దాదాపు మూడో వంతు పెరిగారని ఆర్థికశాస్త్ర పరిశోధకులు లెక్కగట్టారు. బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఆ పెరుగుదల ఎక్కువగా కనిపించింది. ఆడపిల్లలు వరుసకట్టి సైకిళ్ల మీద వెళ్లడం చూసి చూసి ఊరివాళ్లకు అలవాటైపోయింది. మీ బడిలో సైకిలు మీద వచ్చే అమ్మాయిలు ఇంకెవరైనా ఉంటే వారితో కలిసి వెళ్తానని నాన్నకు చెప్పు. ఆయన మనసులో ఉన్నది దారిలో నువ్వు ఒక్కదానివే ఉంటావన్న భయమే కావచ్చు. మూడు కిలోమీటర్లు సైకిలు మీద పదిహేను నిమిషాల పని.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ దారి వేసి, పైన సౌర ఫలకాల కప్పు కూడా వేశారు. మంచిదే. అలాంటి దారి నీ ఇంటి నుంచి బడి దాకా మూడు కిలోమీటర్లు ఉండాల్సింది, లేదు. అందుకని జాగ్రత్త నువ్వే పడాలి. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ల వేళ్లూ నేలకు ఆనేలా ఎత్తు సరిచేయించుకో, వెనక ఎర్ర రిఫ్లెక్టరు, గంట, రెండు బ్రేకులు తప్పనిసరిగా ఉండాలి. చున్నీ గాని పొడవాటి జడ గాని చక్రంలో పడకుండా కట్టుకో. కొనే ముందు ఒక ఆదివారం ఉదయం తమ్ముడి సైకిలు తీసుకొని, నాన్నను పక్కన బండి మీద రమ్మని, బడి దాకా ఒకసారి తొక్కి చూపించు.